సముద్రం వైపు తిరిగిన పూలమడి

“ఏమర్రా, తవ్విన గొయ్యి గాలికి ఎగిరిపోవడం మీరెప్పుడైనా చూశారా?”

నేనలా అడిగేసరికి పిల్లలిద్దరూ వరండాలో చాప మీద బొమ్మలు గీయడం ఆపి తలలెత్తారు. ఇద్దరూ మా అబ్బాయి పిల్లలే, సెలవులకి వచ్చారు. పెద్దదానికి పన్నెండేళ్ళు, ఏం చెప్పినా “ఎందుకు?” అనకుండా వదలదు. చిన్నవాడికి ఆరు. వాణ్ణి ఇంటిల్లిపాదీ పిడుగు అనే పిలుస్తాం, ఎందుకో వాడితో ఒక్కపూట గడిపితే తెలుస్తుంది.

మూడో శ్రోత మేడమెట్ల మీద ఉంది. మా ఆడపడుచు. మేడ మీద ఉంటుంది గనక పిల్లలకి ఆమె మేడ నానమ్మ. నలభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన మోకాళ్ళు, ఇప్పుడు మాట వినవు. అయినా రోజూ సాయంత్రం మెట్లు ఊడవందే ఆమెకి తోచదు. ఆ సాయంత్రం సగం మెట్లు ఊడ్చి, నొప్పికి ఆగి, చీపురు ఒళ్ళో పెట్టుకుని మధ్యమెట్టు మీద కూర్చుంది. మా ఇల్లు వీధిలో ఆఖరిది. ఇంటి తర్వాత ఇసుక, ఇసుక తర్వాత సముద్రం. పొద్దున ఊడ్చిన ఇసుక సాయంత్రానికి మళ్ళీ మెట్లెక్కి కూర్చుంటుంది.

ఆమె నాతో రెండురోజులుగా ముభావంగా ఉంది. కారణం ఇంటిముందున్న పూలమడి. కిందటి వారం వచ్చిన పెనుగాలికి ఆ నలభై అడుగుల మడి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉప్పుకి మాడి గోధుమరంగుకి తిరిగింది. “ఆ చచ్చిన చెత్త పీకించేసి అక్కడ ఆరడుగుల ఇటుక గోడ లేపిస్తాను వదినా, ఇసుక పీడ విరగడవుతుంది,” అని మేస్త్రికి కబురు చేసింది. ఇటుకలు గేటు దగ్గర దిగిపోయాయి. తెల్లవారితే మడి తవ్వి పునాది తీస్తాడు. చావలేదే, కింద వేరు బతికుంది అంటే, “ఊడ్చేది నువ్వు కాదుగా” అంటుంది.

అందుకని కథ పిల్లలకే చెప్పాను గానీ, గొంతు మాత్రం మేడమెట్ల దాకా వెళ్ళేటట్టు చెప్పాను. ముప్పై మూడేళ్ళు ఆఖరి బెంచీ దాకా వినిపించిన గొంతు, ఆ మాత్రం వెళ్తుంది.

“చూడలేదు కదా? నేను చూశాను. గొయ్యి దగ్గరికి తర్వాత వద్దాం, పాఠం మొదటినుంచి చెప్పుకోవాలి. నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఇంటిముందు ఒక్క గడ్డిపోచ లేదు. ఉత్త ఇసుక. ఒక ఆదివారం అన్నం తిని, చెయ్యి కడుక్కుని, కొంగు బిగించి, చిన్న పార ఒకటి పట్టుకుని దిగాను. పొద్దు వాలేలోగా నలభై మొక్కలు నాటాను. అంతే. గొప్పేం కాదు, ఎవరైనా నాటగలరు.”

“నలభయ్యేనా?” అంది పెద్దది.

“మొదటి వరసలో నలభై. నాలుగు వరసలు.”

“అంటే నూట అరవై. ఒక్క మధ్యాహ్నంలో.”

“లెక్క సరిపోయింది. కూర్చో.”

మెట్ల మీద చీపురు పుల్లలు గలగలమన్నాయి. నేను అటు చూడలేదు.

“ఏ మొక్కలు వేశానో అడగరేం? మొక్కల్లో కొన్ని ఒక్క ఏడాదే బతుకుతాయి. పూస్తాయి, విత్తనాలిస్తాయి, పోతాయి. బంతి అలాంటిది. కొన్ని ఏళ్ళ తరబడి ఉంటాయి. పైన ఎండిపోయినట్టు కనిపించినా కింద వేరు ఊపిరి బిగబట్టుకుని ఉంటుంది, అదను చూసి మళ్ళీ చిగురిస్తుంది. పుస్తకంలో వీటిని బహువార్షికాలు అంటారు. పలకండి.”

“బహువార్షికాలు.”

“సముద్రం ఎదురుగా ఇవే వెయ్యాలి. ఎందుకు? పిడుగూ, నువ్వు చెప్పు.”

“నాకు తెలీదు.”

“తెలీదని ఒప్పుకోవడం సగం జవాబు. మిగతా సగం నేను చెప్తాను. వీటి వేళ్ళు లోతుకి వెళ్ళి ఇసుకని పట్టుకుంటాయి. ఏటేటా పీకి నాటేదైతే ఇసుక ఎప్పుడూ వదులుగానే ఉంటుంది, గాలికి లేచిపోతుంది. అర్థమైందా? ఇక గాలి సంగతి. ఇప్పుడు వీచేది గాలే కాదు, అది ముసలిదైపోయింది. అప్పటి గాలిని మీరు చూడాలి! నేను ఈ గేటు దగ్గర నిలబడి ‘పాలు తెచ్చావా?’ అని పాలవాణ్ణి అడిగితే, ఆ మాట గాలికి కొట్టుకుపోయి రెండు వీధుల అవతల పడేది, అక్కడెవరో ‘తెచ్చానండీ’ అనేవారు. ఆ పాలవాడు ఎదురుగాలికి సైకిల్ తొక్కీ తొక్కీ, చక్రాలు తిరుగుతూనే ఉండి, మనిషి మాత్రం ఉన్నచోటే ఉండి, చివరికి మన గేటు చేరేసరికి క్యానులో పాలు వెన్నై తేలేవి. ఆ వెన్న తీసుకుని మిగతా మజ్జిగ అతనికే తాగించి పంపేదాన్ని, పాపం అలిసిపోయేవాడు.”

“నిజంగానా నానమ్మా?” పిడుగు లేచి కూర్చున్నాడు.

“ఉప్పు సంగతి చెప్తే ఇంకా ఆశ్చర్యపోతావు. ఈ ఇంట్లో పదేళ్ళపాటు ఉప్పు కొన్నది లేదు. కూర పొయ్యి మీద ఉడుకుతుంటే గరిటె పట్టుకెళ్ళి కిటికీ అద్దం ఒక్కసారి గీకడమే. తూర్పు కిటికీది కూరకి, దక్షిణం కిటికీది చారుకి. ఇరుగుపొరుగు గిన్నెలు పట్టుకుని వరస కట్టేవారు.”

“ఆ అద్దాలు తుడిచింది నేను,” అంది మేడ నానమ్మ గాలితో మాట్లాడుతున్నట్టు. “వారానికి రెండుసార్లు. గరిటె పట్టుకుని ఎవరూ రాలేదు.”

“నువ్వు తుడవకముందు వచ్చేవాళ్ళు,” అన్నాను. “ఇంతకీ ఆ తర్వాత ఏమైందో తెలుసా? మొదటి గొయ్యి తవ్వాను. జానెడు వెడల్పు, జానెడు లోతు. మొక్క తెద్దామని ఇలా వెనక్కి తిరిగి, అలా ముందుకి తిరిగేసరికి గొయ్యి లేదు.”

“ఇసుక పూడిపోయి ఉంటుంది,” అంది పెద్దది.

“నేనూ అలాగే అనుకున్నాను. రెండోది తవ్వాను. అదీ లేదు. మూడోది తవ్వి, రెప్ప వెయ్యకుండా చూస్తూ కూర్చున్నాను. గాలి వచ్చింది, గొయ్యి అంచు పట్టుకుంది, చాపని దులిపినట్టు ఒక్క దులుపు దులిపింది, గొయ్యి ఎగిరిపోయింది! మర్నాడు పక్కింటాయన పోట్లాటకి వచ్చాడు, ‘మీ గోతులు మూడూ మా పెరట్లో పడ్డాయి, మా కోడి ఒకటి అందులో పడింది’ అని.”

“గొయ్యి ఎలా ఎగురుతుంది నానమ్మా? అది వస్తువు కాదుగా!”

“మంచి ప్రశ్న. ఆలోచించి చెప్పు. గోతిలో ఏముంటుంది?”

“ఏమీ ఉండదు. ఖాళీ.”

“ఖాళీకి బరువుంటుందా?”

“ఉండదు.”

“బరువున్న చీరలే దండెం మీంచి ఎగిరిపోతుంటే, బరువే లేని గొయ్యి ఎగరదా?”

పెద్దది నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. ఎక్కడో తప్పుందని దానికి తెలుసు, ఎక్కడో దొరకడంలేదు. పిడుగైతే వరండా అంచు దాకా పాకి, పక్కింటి పెరట్లోకి తొంగిచూశాడు.

“కొయ్యి వదినా, కొయ్యి,” అంది మేడ నానమ్మ. “చిన్నపిల్లలు దొరికారు.”

“నీకు విసుగ్గా ఉంటే ఊడ్చుకో అమ్మాయ్, ఎవరు పట్టుకున్నారు?” అన్నాను. ఆమె కదల్లేదు. “అప్పుడు నేనొక ఉపాయం చేశాను. గొయ్యి తవ్వడం, అందులో నేనే దిగి కూర్చోవడం, గాలి ఆగిన క్షణాన పైకి లేచి మొక్కని నా చోట్లో పెట్టడం. నూట అరవై సార్లు దిగాను, నూట అరవై సార్లు లేచాను. అయితే అసలు తెలివి అందులో లేదు. తెలివంతా వరసల్లో ఉంది. రండి, చూపిస్తాను, ఇక్కణ్ణుంచే చూడండి.”

పిల్లలిద్దరినీ వరండా అంచున నిలబెట్టి, మాడిపోయిన మడిని వేలితో చూపించాను.

“అదిగో, అవతల సముద్రం. దానికి ఎదురుగా మొదటి వరస ఎవరు? నేలబారు తీగలు. తరగతిలో ఉంటారు చూడండి, ఎంత తిట్టినా మొహం వాడని రకం. వాళ్ళని మొదటి బెంచీలో కూర్చోబెట్టాలి. గాలి వాటిని కొట్టాలంటే తనే వంగాలి. రెండో వరసలో కలబంద, మధ్యమధ్య బిళ్ళగన్నేరు. కలబంద ఆకు దళసరి, పైన మైనం రాసినట్టుంటుంది, ఉప్పు పట్టుకోదు. మూడోది నిమ్మగడ్డి. అది ఎదురుతిరగదు, గాలి వస్తే తలవంచి, పోయాక తలెత్తుతుంది. ఇంక ఇంటివైపు చివర్న, అన్నిటి వెనకా, మెట్టతామరలు. పొడుగు కాడలు, అరిటాకులంత ఆకులు, కుంకుమరంగు పూలు. అంటే సముద్రం వైపు నుంచి చూస్తే మడి మెట్లుమెట్లుగా పైకి లేస్తుంది. గాలి ఆ మెట్లెక్కీ ఎక్కీ ఆయాసపడి, ఇంటి మీంచి దాటిపోతుంది. ఎలా ఉంది?”

“బాగుంది,” అంది పెద్దది. ఈసారి ఎందుకని అడగలేదు. నాకు ఇంకాస్త ఊపొచ్చింది.

“రోజూ పొద్దున హాజరు వేసేదాన్ని. ‘కలబంద పదిహేడు?’ అంటే ఆకు ఎత్తేది. రాని మొక్కకి సంతకం లేదు. ఏడాది తిరిగేసరికి వేళ్ళు ఎంత లోతుకి దిగాయో తెలుసా? నాలుగు వీధుల అవతల ఒకాయన బావి తవ్విస్తుంటే అరవై అడుగుల లోతులో వేరు తగిలింది. కూలీలు పట్టుకు లాగారు. అక్కడ వాళ్ళు లాగితే ఇక్కడ మన ఇల్లు నాలుగంగుళాలు కదిలింది! నేను వంటింట్లోంచి అరిచాను, ‘ఎవర్రా అది, వదలండి!’ అని. అప్పట్నుంచి వంటింటి తలుపు సరిగ్గా పడదు. కావలిస్తే వేసి చూడండి.”

పిడుగు పరిగెత్తి వంటింటి తలుపు వేసి వచ్చాడు. “నిజమే అక్కా! పడట్లేదు!”

“ఇప్పుడు అసలు సంగతి. పెద్ద గాలివాన వచ్చిన ఏడాది. మీ నాన్నకి అప్పుడు నాలుగేళ్ళు. మధ్యాహ్నం రెండింటికి మొదలైంది. మొదట మా బడి గంట ఎగురుకుంటూ పోయింది, అది పోతూ పోతూ మోగుతుంటే పిల్లలు బడి వదిలారనుకుని ఇళ్ళకెళ్ళిపోయారు. తర్వాత మన మేడ లేచింది. అవును, మేడ! జానెడు లేచింది, మూరెడు లేచింది, మీ మేడ నానమ్మ కిటికీలోంచి ‘వదినా, నేను పోతున్నా!’ అంటోంది. వేళ్ళు పట్టుకున్నాయి. నూట అరవై మొక్కల వేళ్ళు పునాది కింద అల్లుకుని ఉన్నాయి కదా, ఒక్కసారి బిగించి కిందికి లాగాయి. మేడ వచ్చి తన చోట్లో కూర్చుంది. కుట్టుమిషను మీద పెట్టిన టీ గ్లాసు తొణకలేదు.”

“నన్ను లాగకు వదినా నీ కోతల్లోకి!”

“నువ్వు లేకపోతే ఈ కథ ఎక్కడిది? విను. అంతలో సముద్రంలోంచి ఒక చేపల పడవ, తాడు తెగి, పదకొండుమంది మనుషులతో, సరాసరి మన వీధిలోకి కొట్టుకొస్తోంది. వాళ్ళు ఏడుస్తున్నారు. నేను మడి దగ్గరికి వెళ్ళి మొదటి వరసకేసి ఒక్క చూపు చూశాను. మొదటి బెంచీ వాళ్ళకి మాటలక్కర్లేదు, చూపు చాలు. తీగ లేచింది, పాములా సాగింది, అల మీంచి దూకి పడవ ముక్కుకి రెండు చుట్లు చుట్టి ముడేసింది. గాలి ఆగేదాకా మూడు గంటలు ఆ పడవని అలాగే పట్టుకుంది.”

“తీగకి ముడెయ్యడం ఎవరు నేర్పారు?” అన్నాడు పిడుగు.

“మీ మేడ నానమ్మే. కిటికీ దగ్గర కూర్చుని దారం ముడేస్తుంటే చూసి నేర్చుకుంది. అంత చక్కటి ముడి ఈ ఊళ్ళో ఇంకెవరికీ రాదు.”

మెట్ల మీద నవ్వు వినపడింది. వెంటనే అణచుకుంది, దగ్గులా మార్చింది. కానీ నేను విన్నాను. ఇంకొక్క తోపు తోస్తే చాలనిపించింది. అక్కడే ఆగాల్సింది. ఎక్కడ ఆపాలో తెలియకపోవడం మా వృత్తిలో ఉన్న జబ్బు.

“మర్నాడు నేను బడికి వెళ్ళేసరికి బల్ల మీద ఒక చీటీ. ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. విప్పి చూస్తే ఏముంది? ‘గౌరవనీయులైన టీచరుగారికి నమస్కరించి రాయునది. మీ మడి ఎక్కలేక నా ఒళ్ళు హూనమైనందున, నాకు మూడు నెలలు సెలవు ఇప్పించవలసిందిగా ప్రార్థన. ఇట్లు మీ విధేయురాలు, తూర్పుగాలి.’ రెండు అక్షరదోషాలున్నాయి. దిద్ది, సెలవు మంజూరు చేశాను.”

పిల్లలు పడీపడీ నవ్వారు. నవ్వు తగ్గాక పెద్దది, మడికేసి చూస్తూ, మామూలు గొంతుతో అడిగింది.

“నానమ్మా, గోతులూ పడవా సరే. ఆ వరసలు మాత్రం నిజమే కదా? తీగలు ముందు, మెట్టతామరలు వెనక. అది నీకు ఎలా తట్టింది?”

“తట్టడమేమిటి?” అన్నాను. “తరగతి నడిపేదానికి ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టాలో వేరే చెప్పాలా? నా బుర్రలోంచి వచ్చిందే. ఒక్కదాన్నే ఆలోచించాను, ఒక్కరోజులో నాటాను.”

“ఆ రోజు నువ్వు బళ్ళో ఉన్నావు, వదినా.”

ఆ గొంతులో వెక్కిరింపు లేదు. అదే ఇబ్బంది. నేను తిరిగి చూశాను. మేడ నానమ్మ చీపురు పక్కన పెట్టి, మోకాళ్ళు రుద్దుకుంటూ నన్నే చూస్తోంది.

“గోతులెగిరాయన్నావు, ఊరుకున్నాను. నన్ను గాల్లో లేపావు, ఊరుకున్నాను. ఈ ఒక్కటీ ఊరుకోను. పిల్లలూ, ఆ మడి నాటింది మీ తాతమ్మ. మా అమ్మ.”

పిల్లలు నావైపు చూశారు. నేను చాప అంచు సర్దుతున్నాను.

“మీ నానమ్మా నాటింది, కాదనను. ముందు రెండుసార్లు నాటింది. మొదటిసారివి మూడు వారాల్లో పోయాయి, రెండోసారివి నెలకి పోయాయి. ఎలా నాటిందనుకున్నారు? బళ్ళో ప్రార్థనకి పిల్లల్ని నిలబెడతారే, పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక, అలా. ముందంటే ఏది? తన కుర్చీ ఉన్న వైపు, ఈ వరండా వైపు. ఇక్కడ కూర్చుంటే అందరి మొహాలూ కనపడాలిగా మరి! తీగలు ఇక్కడ, మెట్టతామరలు అక్కడ, సముద్రం మొహాన. ఇంతింత ఆకులు గాలికి చీరి పేలికలైపోయాయి. కాడలు విరిగి కలబంద మీద పడ్డాయి. అవి కుళ్ళి ఇవీ కుళ్ళాయి.”

“అలాగే చేశావా నానమ్మా?” అంది పెద్దది.

“అలాగే చేశాను,” అన్నాను.

“మూడోసారి కూడా అలాగే నాటింది!” అంది మేడ నానమ్మ. “అప్పుడు మా అమ్మ ఏమీ అనలేదు. ఎనిమిది రోజులు ఇదే వరండాలో, కూరలు తరుగుతూ, గాలి ఎటు నుంచి వచ్చి దేన్ని ముందు కొడుతోందో చూస్తూ కూర్చుంది. ఆవిడకి చదువు రాదు. పేరు రాయడం కూడా రాదు. తొమ్మిదో రోజు మీ నానమ్మ అలా బడికి వెళ్ళిందో లేదో, ఇలా పార తీసుకుని దిగింది. ప్రతి మొక్కనీ మట్టితో సహా పెళ్ళగించి, ఆ కొసన ఉన్నవి ఈ కొసకి, ఈ కొసన ఉన్నవి ఆ కొసకి మార్చింది. అలాగే పెట్టకుండా పెద్ద మెట్టతామరలన్నిటినీ మోకాలెత్తుకి కోసేసింది. చిన్నగా ఉన్నదే గాలిలో నిలుస్తుందట. నీళ్ళు నేను మోశాను. అరవై మూడు బకెట్లు. మధ్యాహ్నం ఇద్దరం అన్నం కూడా తినలేదు, సాయంత్రం వదిన వచ్చేలోపు అయిపోవాలని. అమ్మ అరచేతులు బొబ్బలెక్కి, పది రోజులు ముద్ద కలపలేకపోయింది. నేనే కలిపి పెట్టాను.”

ఇక్కడ నేను అందుకోవాల్సి వచ్చింది, ఎందుకంటే ఆ తర్వాత జరిగింది చెప్పడం నా బాధ్యత.

“నేను వచ్చి గేట్లో నిలబడి, ‘నా వరసలు ఎవరు పాడుచేశారు?’ అని అరిచాను,” అన్నాను పిల్లలతో. “మీ తాతమ్మ చేతులు వెనక్కి పెట్టుకుని ఒకటే మాట అంది. ‘నీ బళ్ళో పిల్లలు నిన్ను చూస్తూ నిలబడతారమ్మా. వీటికి నీతో పనిలేదు. ఇవి సముద్రాన్ని చూస్తూ నిలబడాలి’ అంది. నాకు ఎంత కోపం వచ్చిందంటే, ఆవిడతో మాట్లాడటం మానేశాను.”

“నెలరోజులు,” అంది మేడ నానమ్మ.

“ఇరవై ఆరు.”

“లెక్కపెట్టావన్నమాట!”

“ఇరవై ఏడో రోజు మెట్టతామర కొత్త ఆకు వేసింది. అప్పుడు మాట్లాడాను.”

“ఏం మాట్లాడావు?” అన్నాడు పిడుగు.

నాకు గుర్తుంది. “‘అత్తయ్యా, మెట్టతామర ఆకు వేసింది’ అన్నాను. అంతకంటే ఇంకేం అనడానికి నోరు రాలేదు. ఆవిడ ‘చూశానమ్మా’ అంది. పొరపాటైందని మాత్రం నేనెప్పుడూ అనలేదు. ఆవిడ పోయి పదకొండేళ్ళయింది.”

“తప్పు నీదని మా అమ్మ కూడా ఎవరితోనూ అనలేదు,” అంది మేడ నానమ్మ. “ఎవరొచ్చి మెచ్చుకున్నా, ‘మా కోడలు వేసింది’ అనేది. బకెట్లు మోసిన నాకు ఒళ్ళు మండేది.”

ఇది నాకు తెలియదు. ముప్పై ఎనిమిదేళ్ళలో ఎవరూ చెప్పలేదు. నేను చాప అంచు వదిలేశాను.

మేడ నానమ్మకి మాత్రం ఇప్పుడు మాట ఆగడంలేదు. “మొక్కలు కుదురుకునేదాకా చాటుకి దడి కట్టింది, విరిగిపోయిన పెట్టెల చెక్కలతో. చెక్కకీ చెక్కకీ మధ్య రెండు వేళ్ళ సందు వదిలింది. ‘సందులెందుకమ్మా, గాలంతా వచ్చేస్తుందిగా, ఆనించి కొట్టు’ అన్నాను. ‘దారి లేకపోతే అది గోడెక్కి నెత్తిన దూకుతుందే. గాలిని ఆపాలని చూడకు, అలిసిపోనియ్యి’ అంది...”

అక్కడ ఆగిపోయింది. ఆమె చూపు గేటు దగ్గర పేర్చిన ఇటుకల మీద పడింది. నేను నోరు తెరవలేదు. నా జీవితంలో నోరు తెరవకుండా ఉన్న సందర్భాలు తక్కువ, అందులో అదొకటి.

“మేడ నానమ్మా,” అంది పెద్దది, “తాతమ్మ నాటినవి ఇవేనా? వీటి అమ్మమ్మలా?”

“ఇవే. మెట్టతామర దుంపలు మార్చలేదు. అమ్మ పెట్టిన దుంపలే.”

“మరి రేపు తవ్వేస్తారా?”

మేడ నానమ్మ గోడ పట్టుకుని లేచి, ఒక్కో మెట్టూ దిగి, మడి దగ్గరికి నడిచింది. పెనుగాలి తర్వాత ఆమె అక్కడికి వెళ్ళడం అదే మొదటిసారి. ఇన్ని రోజులూ మేడ మీంచే చూసింది, మేడ మీంచి చూస్తే మాడిన ఆకులే కనిపిస్తాయి. ఇంటివైపు వరసలో, నొప్పికి మూలుగుతూ, ఒక మోకాలు ఇసుకలో ఆనించి కూర్చుంది. ఎండిన ఆకులు పక్కకి తప్పించి వేళ్ళతో ఇసుక తీసింది. పిల్లలు వెళ్ళి ఆమె భుజాల మీంచి వంగారు.

“ఏముంది?” అన్నాడు పిడుగు.

“ఊపిరి తగలనివ్వకు. చూడు. సూదిమొనంత.”

నేను వరండాలోంచి చూడలేకపోయాను, నాకు దూరపు చూపు ఆనదు. కానీ పిడుగు ఎగిరిన ఎగురుడు చూస్తే మొలక ఉందని తెలిసింది. పెద్దది రెండో మొక్క దగ్గర తవ్వింది. అక్కడా ఉంది. మూడోదాని దగ్గర లేదు. నాలుగోదాని దగ్గర రెండున్నాయి. ఇంక లెక్కపెట్టకుండా, మేడ నానమ్మ పైట చెంగుతో చేతులు తుడుచుకుని లేచింది. పిల్లలు చెరోపక్కా పట్టుకున్నారు.

“ఇటుకలు పట్టుకెళ్ళమని మేస్త్రికి నేనే ఫోన్ చేస్తాను,” అంది నాతో. “దడి కట్టించు. సందులతో.”

“చెక్కలతో కట్టిస్తాను. రెండు వేళ్ళ సందు.”

“నీ వేళ్ళు కాదు. అమ్మ వేళ్ళు లావు. వడ్రంగి వచ్చినప్పుడు నేను చూపిస్తాను.”

“సరే.”

“ఆ ఎండుకాడలు ఇప్పుడు కొయ్యకు. కొత్త ఆకు విప్పుకునేదాకా వాటి చాటు ఉండాలి.”

“కొయ్యను.”

“ఇంకెవరికైనా ఈ కథ చెప్పేటప్పుడు...”

“మీ అమ్మ నాటిందని చెప్తాను.”

“బకెట్లు?”

“అరవై మూడు. నువ్వు మోశావు.”

“పడవ ఉంచుకో,” అంది ఒక్క క్షణం ఆలోచించి. “బాగుంది అది.”

పిల్లలు మళ్ళీ చాప మీద చేరారు. పెద్దది కాగితం తిప్పి, వెనకవైపు నాలుగు వరసలు గీసి, సముద్రం ఎటో బాణం గుర్తు వేసుకుంటోంది. నేను దాని పక్కన కూర్చుని ఏ వరసలో ఏదుందో పేర్లు రాయిద్దామని కళ్ళజోడు తుడుచుకుంటున్నాను. ఎదురుగా చీపురు వచ్చి నిలబడింది.

“గోడ లేదు కాబట్టి ఇసుక వస్తుంది,” అంది మేడ నానమ్మ. “దడి లేచేదాకా మెట్లు నీవి.”

మోకాళ్ళు ఆమెవి, మడి మా ఇద్దరిదీ. కళ్ళజోడు పెద్దదాని చేతికిచ్చి, చీపురు అందుకుని, దగ్గర్లో ఉంది కదా అని కింది మెట్టు మీద మొదలుపెట్టాను.

“పైనుంచి, వదినా!” అంది. “పైనుంచి కిందికి!”

నేను కొంగు బిగించి మెట్లెక్కాను.